గడప మొక్కను ముట్టని గునపం

మా అక్కయ్య గురించి అడిగితే ఊళ్ళో పదిమంది పది రకాలుగా చెబుతారు. మొండిఘటం అంటారు, నోరుగల మనిషి అంటారు, ఆఫీసువాళ్ళయితే తలనొప్పి అంటారు. వాళ్ళ మాటలు వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి. ముప్పైయేళ్ళు ఆమెతో ఒకే గోడకి అటూ ఇటూ వంట చేసుకున్నదాన్ని నేను. ఆమె మా ఆయన అన్నగారి భార్య, నా తోడికోడలు. నేను అక్కయ్యా అని పిలుస్తాను. ఊరంతా మాత్రం గునపం అంటుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. మందువేళ్ళు తవ్వడం ఆమె పని. మూరెడు పొడవున్న చిన్న గునపం ఎప్పుడూ చేతిలో ఉంటుంది. మొన మొద్దుబారితే కమ్మరి దగ్గరికి పోదు, పెరట్లో బండమీద తనే నూరుకుంటుంది. ఆ చప్పుడుకి నా పళ్ళు జివ్వుమంటాయి. "కాస్త అవతలికెళ్ళి నూరుకోకూడదా అక్కయ్యా" అంటే, "నీ చెవులే కాస్త అవతలికి తీసుకుపోరాదూ" అంటుంది. మనిషి కూడా అంతే, సన్నగా, నిటారుగా, ఎక్కడా వంగదు. అరవై దాటాయి. మోకాళ్ళ నొప్పులని ఒక్కనాడూ నోటితో చెప్పలేదు. కొండ దిగివచ్చి అరుగుమీద కూర్చుని పది నిమిషాలు ఎవరినీ తిట్టకపోతే, నొప్పి ఎక్కువగా ఉందని మేమే అర్థం చేసుకోవాలి.

ఆమె తవ్వేది చేదువేరు. జ్వరానికీ, కాలేయం జబ్బుకీ మందు చేసేవాళ్ళు కొనుక్కుపోతారు. చిన్న ముక్క నాలుకమీద పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు కూడా చేదుగానే ఉంటాయి. మొక్కని చూస్తే ఏమీ ఉండదు. జానెడు ఎత్తు, నాలుగు మందపాటి ఆకులు, వానలు తగ్గాక చిటికెనవేలంత నీలం పూలగుత్తి. చలంటే దానికి ప్రాణం. తెల్లవారేసరికి గడ్డిమీద మంచు గట్టిపడే చోటే దాని గింజ కళ్ళు తెరుస్తుంది. వేరు తవ్వదగ్గ లావు కావడానికి ఐదేళ్ళు పడుతుంది. అందుకే తవ్వేవాళ్ళకి బోలెడు కట్టుబాట్లు. గింజ రాలాకే కొండెక్కాలి. మూడు మొక్కలుంటే ఒకటే తవ్వాలి. తవ్విన గుంటలోనే దాని గింజలు బొటనవేలితో నొక్కి మట్టి కప్పాలి.

వీటన్నిటికన్నా పెద్ద కట్టుబాటు గడప మొక్క. తవ్వే ఆడవాళ్ళు మొత్తం పంతొమ్మిది మంది. కొండవాలుని కిందనుంచి పైదాకా నిలువు పట్టీలుగా పంచుకున్నారు, మనిషికో పట్టీ. తవ్వకం మొదలుపెట్టే రోజున కిందనుంచి ఎక్కుతూ పోతే మొట్టమొదట కంటబడిన మొక్కే ఆ యేటి గడప. దాన్ని ముట్టకూడదు. పక్కన మూడు రాళ్ళు పేర్చి, పైరాతిమీద గునపం మొనతో ఆ సంవత్సరం గీకి, అది దాటి పైకి వెళ్ళాకే గునపం నేలకి దించాలి. ఇంట్లో పొయ్యి వెలగని రోజున కూడా గడప మొక్కమీద చెయ్యి వేసినవాళ్ళు లేరు. ఈ నియమం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. మా అత్తగారిని అడిగితే, "లోపలికెళ్ళేటప్పుడు గడప పీక్కుని పోతామటే" అనేది. అంతకుమించి ఆవిడ చెప్పేది కాదు. మా ఇంటి పట్టీ ఆవిడదే, అక్కయ్య ఆవిడ వెంటే తవ్వేది. ఆవిడ తర్వాత అక్కయ్యకి వచ్చింది. నాకు కొండ ఎక్కితే కళ్ళు తిరుగుతాయి కాబట్టి నేను కిందే ఉండిపోయాను, ఆరబెట్టే షెడ్డులో.

షెడ్డంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు, మూడువైపులా దోమతెర కొట్టిన కిటికీలు, మధ్యలో అంతస్తులుగా పేర్చిన వెదురు తట్టలు. వచ్చిన వేరుని కడిగి, పీచు కత్తిరించి, నీడన ఆరబెట్టి, విరిస్తే టప్పుమని విరిగేదాకా తిప్పుతూ ఉండాలి. నేను పనిలో చేరిన కొత్తలో అరవై తట్టలూ నిండిపోయి, చాలక నేలమీద గోనెపట్టాలు పరిచేవాళ్ళం. తర్వాత నలభై నిండాయి, ఆ తర్వాత ముప్పై. ఖాళీ తట్టల్లో పిల్లి పడుకోవడం మొదలుపెట్టాక నాకు భయం పట్టుకుంది.

"మొక్క ఏమైపోతోంది అక్కయ్యా" అని అడిగాను.

"ఏమీ కాలేదు. పైకి పోతోంది."

"పైకి పోవడానికి దానికేమైనా కాళ్ళున్నాయా?"

"లేవు కాబట్టే యేటికి పది అడుగులు పోతోంది. ఉంటే ఈపాటికి మనల్ని వదిలి పారిపోయేది."

నేను నమ్మలేదు. అప్పుడు విడమరిచి చెప్పింది. మా అత్తగారి రోజుల్లో వాగు వంతెన దాటగానే గడప ఉండేదట. పన్నెండేళ్ళు ఒకే రాళ్ళ కుప్ప, ఒకే మొక్క, పైరాతిమీద ఒకదాని కింద ఒకటి పన్నెండు సంవత్సరాలు. తర్వాత చలికాలాలు పొట్టివైపోయాయి. వాగు దగ్గర మంచు పట్టడం మానేసింది. అక్కడ రాలిన గింజ రాలినట్టే ఉండిపోయింది, ముసలి మొక్క ఎండకి మాడిపోయింది. చలి మిగిలిన పైభాగంలో పడ్డ గింజ మాత్రం మొలిచింది. మొక్క పైకి నడవడమంటే అదే, కింద చావడం, పైన పుట్టడం. ఇదంతా అక్కయ్య నాకు తట్టలు తుడుస్తూ చెప్పింది, వాతావరణం గురించి రేడియోలో చెప్పేవాళ్ళకన్నా తేలిగ్గా.

అలాంటి రోజుల్లో అటవీ ఆఫీసునుంచి నోటీసు వచ్చింది. విచ్చలవిడి తవ్వకాల వల్ల చేదువేరు నశించిపోతున్నందున కొండ మూసివేయబడుననీ, తవ్వేవారి కార్డులన్నీ రద్దు చేయబడుననీ అందులో ఉంది. కొండ కార్డు లేకపోతే ఆ వాలుమీద కాలు పెట్టడమే నేరం. అక్కయ్య కార్డు అట్ట ఎప్పుడో చిరిగిపోయింది, ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరుగుతుంది. ముప్పైనాలుగేళ్ళ ముద్రలున్నాయి దానిమీద. పెళ్ళినాటి ఫొటో ఎక్కడుందో ఆమెకి తెలియదు గానీ కార్డు ఎక్కడుందో నిద్రలో అడిగినా చెబుతుంది. నోటీసు చదివి ఒంటికాలిమీద లేచింది.

"విచ్చలవిడి అట. ఆ ముక్క రాసినవాణ్ణి నేను చూడాలి" అని అన్నం కూడా తినకుండా బయలుదేరింది. తోడు నన్ను లాక్కుపోయింది.

ఆఫీసులో ఒక పొడుగాటి బల్ల, అద్దం పరిచిన టేబులు, అద్దం కింద పాత క్యాలెండరు బొమ్మలు, గోడకి మా కొండ పటం. అధికారికి నలభై ఏళ్ళుంటాయి. ఆయన బూట్లు ఎప్పుడూ తళతళలాడుతూ ఉంటాయి కాబట్టి మేమంతా బూట్లాయన అనుకుంటాం. చెడ్డవాడు కాదు. కానీ కాగితంమీద లేనిదాన్ని కళ్ళతో చూడ్డం ఆయనకి అలవాటు లేదు.

"చూడండి పెద్దమ్మా" అని ఒక కాగితం తిప్పిపెట్టాడు. "వాగు దగ్గర మేం హద్దులు కట్టి ఒక గడి పెట్టుకున్నాం. ఇరవై ఏళ్ళ కిందట అందులో రెండువందల పది మొక్కలు. ఇప్పుడు సున్నా. మీరు తప్ప ఆ కొండమీద ఇంకెవరూ తవ్వరు. మరి ఎవరు తీసుకెళ్ళినట్టు?"

"ఎండ తీసుకెళ్ళింది" అంది అక్కయ్య.

గుమాస్తాలు కిసుక్కున నవ్వారు. ఆయనా నవ్వాడు. "ఎండమీద కేసు పెట్టలేం కదమ్మా."

"అందుకని దొరికినవాళ్ళమీద పెడతారా? వాగు దగ్గర వెతికి కొండమీదే లేదంటారేంటి సార్? మీకోసం మా ఇంట్లో వెతికి, మీరు కనబడలేదని అసలు మీరే లేరని రాసుకుంటే ఒప్పుకుంటారా? రేపు పొద్దున్న వంతెన దగ్గరికి రండి. నేను చూపిస్తా. పాత బూట్లు వేసుకోండి."

ఆయన వస్తానన్నాడు.

మర్నాడు నేనూ వెళ్ళక తప్పలేదు. అక్కయ్య కాక అత్తగారి చేతిరాత గుర్తుపట్టేదాన్ని నేనొక్కదాన్నే. ఆవిడ నాలుగుని తిరగేసి రాసేది. వంతెన దాటగానే ఆ పన్నెండేళ్ళ కుప్ప ఉంది, నాచు పట్టి. గీతలు తడిమి, ఇవి ఆవిడవే అని చెప్పాను. బూట్లాయన ఫోనులో ఎత్తు చూసి రాసుకున్నాడు. అక్కణ్ణుంచి పైకి ఎక్కాం. రెండో కుప్ప, మూడోది, నాలుగోది. ఒక్కోటీ పది అడుగులు పైన, కొన్నిచోట్ల ఇరవై. ప్రతి పైరాతిమీదా సంవత్సరం. ఏ కుప్ప పక్కనా మొక్క లేదు. నేను కిందికి చూడకుండా అక్కయ్య కొంగు పట్టుకుని ఎక్కాను. ఆయన పదిహేనో కుప్ప దాకా, అక్కయ్య గడప సంగతి చెబుతుంటే ఎత్తులు రాసుకుంటూ వచ్చాడు. పదహారో దాని దగ్గర ఆయాసపడుతూ కూర్చున్నాడు.

"మీరు ముట్టలేదంటారు, సరే. ఇంకెవరైనా దొంగతనంగా తవ్వుకుపోయి ఉండొచ్చుగా" అన్నాడు.

ఆ మాటకి అక్కయ్య ముఖం ఎర్రబడింది. ఇంకా పైకి నడిచింది, మూడేళ్ళ కిందటి కుప్ప దగ్గరికి. మోకాళ్ళమీద కూర్చుని గునపం బయటికి తీసింది. గడప దగ్గర గునపం దించడం ఆమె జన్మలో అదే మొదలు. "అత్తయ్యా, ఏమీ అనుకోకు" అని గొణుక్కుని మట్టిలోకి దించింది. నాలుగు పోట్లకి వేరు బయటపడింది. నల్లగా ఎండిపోయి, చివరి పీచుదాకా చెక్కుచెదరకుండా ఉంది. పటుక్కున విరిచి ఒక ముక్క ఆయన చేతిలో పెట్టింది.

"నాలుకమీద పెట్టుకోండి. చేదువేరు అవునో కాదో చెప్పండి."

పెట్టుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"దొంగలు తవ్వుకుపోతే ఇది ఇక్కడెందుకుంది సార్? దీన్ని ఎవరూ ముట్టలేదు. ఉన్నచోటే ఉండి, చలి లేక, ఎండకి చచ్చిపోయింది. మేం తవ్వినవి చస్తే మేం చంపామనండి. మేం ముట్టనివే ముందు చస్తుంటే ఎవర్ని అంటారు?"

ఆయన ముక్క ఉమ్మేసి, మిగతా వేరుని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ యేటి గడప దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. మొక్క బతికే ఉంది, పచ్చగా. దానిపైన నలభై అడుగుల దాకా మొక్కలున్నాయి. ఆపైన బోడి బండ, దానిపైన ఆకాశం. మొక్క పైకి పోవడానికి ఇంక చోటు లేదని నాకు అప్పుడే తెలిసింది. అక్కయ్య లోయకి అవతలున్న పెద్ద కొండని చూపించింది. అది మా కొండకి రెండింతలు ఉంటుంది.

"అక్కడ చలి ఉంది సార్. ఇది లోయ దాటలేదు. మేం గింజ తీసుకెళ్ళి నాటితే?"

బూట్లాయన తల అడ్డంగా ఊపాడు. "ఆ కొండమీద ఒక్క మందుమొక్క కూడా ఉన్నట్టు మా రిజిస్టరులో లేదు. లేని మొక్కని కొత్త కొండమీద పెట్టడం నేరం. నాటడానికి మా దగ్గర దరఖాస్తు ఫారం కూడా లేదు. పైగా ఏ మందుమొక్కా లేదు కాబట్టే దాన్ని రాతి క్వారీకి ఇచ్చేద్దామని ఫైలు నడుస్తోంది."

"కొండని పగలగొట్టడానికి ఫారం ఉంది, మొక్క పెట్టడానికి లేదా?"

"లేదు" అన్నాడు. సిగ్గుపడుతూనే అన్నాడు, అది మాత్రం చెప్పాలి.

ఆయన చూసింది చూసినట్టు రాశాడు. కొండ మూయలేదు. తవ్వకం సగానికి తగ్గించి కార్డులు ఉంచారు. మిగతా పద్దెనిమిది మందీ అక్కయ్యని ఎత్తుకున్నంత పని చేశారు. ఆమె మాత్రం ముఖం గంటు పెట్టుకుని తిరిగింది. "ఇంకా నలభై అడుగులుంది. యేటికి పది పోతోంది. ఎన్నాళ్ళో నువ్వే చెప్పు" అంది నాతో. నాటడానికి అనుమతి ఇమ్మని మూడు అర్జీలు పెట్టింది. రెండింటికి జవాబు రాలేదు. మూడోదానికి, సరైన ఫారంలో పంపవలెనని వచ్చింది. ఆ కాగితంలో ఆవాలు పొట్లం కట్టి అలమరలో పెట్టింది.

తర్వాత అడగడం మానేసింది. ఆ యేడు గింజలు రాలేటప్పుడు తన వాటాలో సగం వేరు తవ్వకుండా గింజలు ఏరుకొచ్చి, డబ్బాలో పోసి అదే అలమరలో ఆవాల పక్కన పెట్టింది. మా బావగారు నోట్లో నాలుక లేని మనిషి. అక్కయ్య ఊళ్ళో లేనిరోజు తనే వండుకుని, ఆవాలనుకుని వాటిని గరిటెడు కూరలో వేసుకున్నాడు. పారబోస్తే ఏమంటుందోనని మొత్తం తిన్నాడు. సాయంత్రం నా దగ్గరికొచ్చి, "అమ్మాయ్, నాలుక మొద్దుబారితే పక్షవాతమా" అని అడిగాడు. అక్కయ్య వచ్చి విషయం విని, ముందు మిగిలిన గింజలు లెక్కపెట్టుకుంది.

ఆ చలికాలం రాకముందే ఒంటరిగా పెద్ద కొండకి వెళ్ళి నాటి వచ్చింది. బస్సులో గంట, అక్కణ్ణుంచి నడక. వసంతంలో వెళ్ళి చూసుకుంటే ఒక్కటీ మొలవలేదు. ఇంటికొచ్చి అరుగుమీద కూలబడింది. ఎక్కడ నాటావని అడిగాను.

"వాగు పక్కన. రెల్లు దాటగానే. నేల ఎంత మెత్తగా ఉందనుకున్నావ్."

నాకు నవ్వాగలేదు. "ఆఫీసరుకి అంత పాఠం చెప్పి, నువ్వూ తీసుకెళ్ళి వాగు పక్కనే పెట్టావా అక్కయ్యా? ఇక్కడ చచ్చిపోయిన ఎత్తులోనే అక్కడా పెడితే ఎలా మొలుస్తుంది?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు గోడ అవతలనుంచి అంది, "నా కాళ్ళే అక్కడ ఆగిపోయాయే. పెళ్ళై వచ్చినప్పటినుంచి గడప అనగానే వాగు పక్కన వెతికిన కాళ్ళు. బుర్రకి తెలిసింది గానీ కాళ్ళకి తెలియలేదు." నవ్వినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఈసారి నేనూ వస్తానన్నాను. కళ్ళు తిరిగితే తిరగనీ, ఆమె ఆగినచోట ఇంకా పైకి తొయ్యడానికి ఒకళ్ళుండాలి కదా.

మరుసటి ఏడాది ఇద్దరం వెళ్ళాం. రెండుసార్లు ఆమె ఆగింది, రెండుసార్లూ నేను వీపుమీద చెయ్యి వేసి, "ఇంకా పైకి" అన్నాను. శిఖరం కింద, ఎండ తిన్నగా పడని వైపు, రాళ్ళ మధ్య నల్లమట్టి ఉన్నచోట ఆగాం. పొద్దెక్కాక చేరినా అక్కడ గడ్డి తెల్లగా మంచు పట్టి ఉంది. అక్కయ్య చెప్పులు విప్పి దానిమీద నిలబడింది, కాళ్ళు నీలంగా అయ్యేదాకా. చలి చాలా బాగుందంది. బొటనవేలితో గుంటలు చేసి గింజలు నొక్కుతూ పోయాం.

వసంతంలో వెళ్ళేసరికి ఆకులు కనబడ్డాయి. గోరంత ఆకులు, రెండేసి. నేను ఏడ్చాను. ఆమె వంగి ఒక్కోదాన్నీ చూసి, "ఇది గడ్డి, ఇది గడ్డి, ఇది మనది" అని వేరు చేసుకుంటూ పోయింది. ఆ ఏడంతా నెలకోసారి వెళ్ళాం. దొంగల్లాగా, సంచిలో కూరగాయలు పైన పెట్టుకుని.

మరుసటి ఏడు వానలు తగ్గాక కలుపు తియ్యడానికి వెళ్ళాం. మొక్కలు బెత్తెడు పెరిగాయి. ఇద్దరం నేలమీద కూర్చుని పనిలో ఉండగా రాళ్ళ చాటునుంచి బూట్ల చప్పుడైంది. బూట్లాయన. క్వారీ హద్దులు చూసుకోడానికి ఒక్కడే వచ్చాడు, భుజాన సంచి, అందులో పుస్తకాలు. ఆ నెలాఖరుకి కొండని ఇచ్చేస్తారట. మమ్మల్ని చూశాడు, మొక్కల్ని చూశాడు.

"ఏం చేస్తున్నారు పెద్దమ్మా?"

"కలుపు తీస్తున్నా."

"ఇది నాటిన మొక్క."

"మరి కలుపు తీసేది నాటినదానికే కదా."

ఆయన వెనక్కి తిరిగి దారివైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "నేనిటు రాలేదు. మిమ్మల్ని చూడలేదు. కేసు రాస్తే మీ కార్డు జన్మలో తిరిగి రాదు. సంచి తీసుకుని దిగిపోండి."

నేను ఆ క్షణంలోనే లేచి సంచి భుజాన వేసుకున్నాను. ఆయనకి దణ్ణం పెట్టబోయాను. అక్కయ్య కదల్లేదు.

"మీరు చూడకపోతే ఈ మొక్కలేమవుతాయి?"

"రిజిస్టరులో లేవు కాబట్టి… కొండతోపాటే పోతాయి."

"రిజిస్టరులో ఉంటే?"

"ఉంటే ఇవ్వకూడదు. మందుమొక్క ఉన్న కొండని క్వారీకి ఇవ్వకూడదని నియమం."

"అయితే ఎక్కించండి."

"నాటినదాన్ని దానంతటదే మొలిచిందని ఎలా రాస్తానమ్మా? ఎవరు నాటారని అడుగుతారు."

"నేను నాటానని రాయండి."

"అలా రాస్తే కేసు రాయాలి."

"రాయండి. కేసులో మొక్క పేరు ఉంటుందా?"

"ఉంటుంది."

"చోటు, ఎత్తు, ఎన్ని మొక్కలు?"

"అన్నీ ఉంటాయి. అవి రిజిస్టరులో కూడా ఎక్కించాలి" అన్నాడు. అని, తను ఏమన్నాడో తనకే అర్థమై ఆగిపోయాడు.

నేను సంచి కింద పారేశాను. "నీకేమైనా పిచ్చి పట్టిందా అక్కయ్యా? ఆయన వదిలేస్తానంటుంటే పట్టుకోమని అడుగుతావా? కార్డు పోతే కొండెక్కకుండా బతకగలవా నువ్వు? నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే ఇంటిల్లిపాదినీ పీక్కుతింటావే."

"బతకలేను" అంది. తల ఎత్తి నన్ను చూసింది. కళ్ళు నిండి ఉన్నాయి. ఆమె కళ్ళలో నీళ్ళు నేను అత్తగారు పోయినప్పుడు కూడా చూడలేదు. "బతకలేనే. నాకు ఆ కొండ తప్ప ఏమీ తెలియదు. కానీ ఇప్పుడు దిగిపోతే నెలాఖరుకి ఇక్కడ రాళ్ళు పగలగొడతారు. అక్కడ మన కొండమీద ఇంక పది అడుగులే మిగిలింది. ఏడాది తర్వాత కార్డు ఉండి ఏం చేసుకోను? రాయండి సార్. ముప్పైయేడేళ్ళు మొక్క పీకినందుకు ముద్రలు వేశారు. పెట్టినందుకు కేసు రాయండి, నేనేమీ సిగ్గుపడను."

ఆయన రాతిమీద కూర్చుని పుస్తకం తీశాడు. పేరు రాశాడు, చోటు రాశాడు, ఫోను చూసి ఎత్తు రాశాడు. లేచి మొక్కలు లెక్కపెట్టి ఇరవై ఆరు అన్నాడు.

"ఇరవై ఏడు. ఆ రాయి వెనకాల ఇంకోటుంది. సరిగ్గా చూడండి."

ఆయన బురదలో మోకాళ్ళమీద కూర్చుని రాయి వెనక్కి తొంగిచూసి, ఇరవై ఏడు అని దిద్దాడు. తర్వాత కలం ఆగిపోయింది. కాగితంమీద చివర, నేరం వల్ల కలిగిన నష్టం అని ఒక గడి ఉంది.

"ఇక్కడేం రాయాలో తెలియడం లేదు పెద్దమ్మా."

"వదిలెయ్యండి."

"ఖాళీగా వదిలితే కాగితం చెల్లదు."

అక్కయ్య బొడ్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి పుస్తకంమీద పెట్టింది. "నా కార్డు అని రాయండి."

ఆయన అదే రాశాడు. చదివి వినిపించాడు. ఆమె చేతికంటిన మట్టి చీరకి తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, గడి దాటి పక్క గడిలోకి వచ్చేంత పెద్దగా సంతకం పెట్టింది. పుస్తకం మూసి తిరిగి వచ్చి మొక్కల మధ్య కూర్చుంది.

"కేసు రాశాక మీరిక్కడ ఉండకూడదు పెద్దమ్మా" అన్నాడాయన. "ఉంటే ఇంకో కేసు రాయాలి."

"అది రాయడానికి ఎంతసేపు పడుతుంది?"

"అరగంట."

"సరిపోతుంది. రాస్తూ ఉండండి" అని, నావైపు తిరిగి, "నిలబడ్డావేమే, ఆ చివర అంతా కలుపు అలాగే ఉంది" అంది.

నేను వెళ్ళి ఆ చివర కూర్చున్నాను.